కూర్చోమన్న కప్పు

పొద్దున ఏడున్నరకి పెంకెత్ పింగాణీ కార్ఖానాలో కూత వేయగానే, మెరుగు గదిలో ఆడవాళ్ళు గబగబా ఏప్రన్లు కట్టుకుని, ఎవరి బల్ల దగ్గర వాళ్ళు నోరు మూసుకుని నిలబడేవాళ్ళు. ప్రార్థన కోసం కాదు. ఆ రోజు ఏం మాట్లాడుకోవచ్చో, ఏం మాట్లాడుకోకూడదో మిసెస్ హల్మ్ చెప్పేదాకా ఆగడం కోసం.

మిసెస్ హల్మ్ ఆ గదికి పెద్ద. గంజిపెట్టిన కాలరు, ఎవరూ ఎదురు చెప్పని గొంతు. ఆర్డరు కాగితాన్ని కళ్ళజోడు దాకా ఎత్తి చదివేది. లీడ్స్ దుకాణానికి వెళ్ళే టీ సెట్ల మీద మామూలు కబుర్లు చెప్పుకోవచ్చు. పెళ్ళికి వెళ్ళే సెట్టు మీద రోగాలు, చావులు, మొగుళ్ళ సంగతులు ఎత్తకూడదు. పాదిరిగారింటి కప్పుల మీద కీర్తనలు పాడుకుంటే మంచిది, అదీ శ్రుతి తెలిసినవాళ్ళు మాత్రమే.

"డాట్, ముఖ్యంగా నీకే చెప్తున్నా," అని చివర్లో కలిపేది. డాట్ బుద్ధిగా తల ఊపేది. కాసేపటికి మరిచిపోయేది.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, అసలు బంగారం మాట పట్టుకుంటుంది. బట్టీలోంచే తళతళలాడుతూ బయటికొచ్చే చవకరకం పూత ఒకటుంది. అది మూగది, దాని ఊసు మనకొద్దు. పెంకెత్ వాళ్ళు వాడేది అసలుది. సీసాలో ఉన్నప్పుడు ముదురు బెల్లప్పాకంలా ఉంటుంది. నిగనిగలాడే పింగాణీ మీద దాన్ని కుంచెతో గీతగా పూసి కాలిస్తే, ఆవపిండి రంగుకు తిరిగి, కాంతి లేకుండా వస్తుంది. ముందు తడి ఇసుకతో తోమి, ఆ తర్వాత కర్రపిడికి బిగించిన నున్నటి రాయితో రుద్దాలి. రుద్దేకొద్దీ బంగారం కళ్ళు తెరుస్తుంది, దాంతోపాటే చెవులూ తెరుస్తుంది. అప్పుడు పక్కన ఎవరేం మాట్లాడినా అందులోకి దిగిపోతుంది. తర్వాత ఎప్పుడో, ఎవరింట్లోనో, ఆ కప్పులో వేడి టీ పోసి పెదవి ఆనిస్తే ఆ మాట సన్నగా బయటికొస్తుంది. వట్టి వేడినీళ్ళకి పలకదు, టీయే కావాలి. ఇంగ్లండులో పింగాణీకి పేరున్న మా లాంగ్టన్‌లో దీన్ని వింత అనుకున్నవాళ్ళు లేరు. కప్పు కొనుక్కునేవాళ్ళు కొట్లోనే టీ పోయించుకుని, విని, నచ్చితేనే డబ్బిచ్చేవారు.

డాట్ కప్పులకి మంచి గిరాకీ. ముఖ్యంగా ఒంటరిగా ఉండే ముసలివాళ్ళు ఏరి మరీ పట్టుకుపోయేవారు. పొద్దున్నే టీ పోసుకుంటే చాలు, డాట్ మొగుడు బెర్ట్ కాలి వాపు గురించీ, మాంసం కొట్టు దగ్గర వరస ఎంత పొడుగుందో దాని గురించీ ఒక మనిషి ఎదురుగా కూర్చుని చెప్తున్నట్టే ఉండేది. ఒకసారి ఇద్దరాడవాళ్ళు గొడుగు కోసం పోట్లాడుకున్నారు. ఆ రోజు మెరుగు పెట్టిన సెట్టు మొత్తం తిరిగొచ్చింది. దాన్ని ఒక లాయరుగారు సగం ధరకి సంతోషంగా పట్టుకుపోయాడు.

కిటికీ పక్కన, మిగతా బల్లలకి దూరంగా వేసిన బల్ల ఎనిడ్‌ది. ఆమె కప్పులు మాట్లాడవు. లండన్‌లో ఒక పెద్ద హోటల్ ఉంది. అక్కడ దిగే దొరలకీ దొరసానులకీ టీ తాగేటప్పుడు కార్ఖానా ఆడవాళ్ళ కబుర్లు పడవు. వాళ్ళకి కావలసింది ఎనిడ్ కప్పులే. ఏటా పెట్టెలకి పెట్టెలు వెళ్ళేవి. అందుకని ఆమె బల్ల దగ్గరికి ఎవరూ మాట్లాడుతూ వెళ్ళకూడదు, ఆమె కూడా పెదవి విప్పకూడదు.

ఎనిడ్ పుట్టుకతో మౌని అనుకుంటే పొరపాటు. పనిలో చేరిన కొత్తలో ఆ గదిలో ఆమె నోటికి ఎదురులేదు. ఎవరు ఎట్లా నడుస్తారో, ఎవరు ఎట్లా తుమ్ముతారో చేసి చూపిస్తుంటే అందరూ పొట్టలు పట్టుకునేవాళ్ళు. ఒకసారి పాదిరిగారు ముక్కుతో ప్రసంగం చేసినట్టు చేసింది. ఆ కప్పు తిరిగి తిరిగి పాదిరిగారి భార్యకే చేరింది. పెద్ద గొడవైంది. పని మానుకుంటావా, నోరు మానుకుంటావా అని మిసెస్ హల్మ్ అడిగింది. ఇంట్లో తల్లి మంచం మీద ఉంది. ఎనిడ్ నోరు మానుకుంది. ఆ తల్లికి చెవులు వినపడవు కాబట్టి ఇంట్లో కూడా అన్నీ సైగలే. రొట్టెల కొట్లో వేలు చూపించి కొనుక్కుని, బస్సులో కిటికీలోంచి చూస్తూ ఇంటికెళ్ళేది. అట్లా ఇరవయ్యేళ్ళ పైన గడిచిపోయాయి. గొంతు అనేది తనకొకటుందని ఆమే మరిచిపోయినట్టుండేది.

బట్టీలో కప్పులు పేర్చేదీ, కాలాక తెచ్చేదీ రూబెన్. పొడుగాటి పలక మీద కప్పులు వరసగా పేర్చి, పలకని భుజాన పెట్టుకుని, రెండు చేతులూ వదిలేసి నడిచేవాడు. ఒక్క కప్పు కదిలేది కాదు. భార్య యుద్ధం రోజుల్లో పోయింది. అక్క గెర్టీ ఇంట్లో ఉంటున్నాడు. బొటనవేలికి అడ్డంగా పాత గాటు, కప్పులు పెట్టి కాల్చే మట్టి గూన ఎప్పుడో బట్టీలో పగిలి కోసింది. మనిషి మంచివాడు, కానీ సిగ్గరి. కార్ఖానాలో మగవాళ్ళందరూ చెక్కబూట్లు టకటకలాడించుకుంటూ తిరిగేవాళ్ళు. రూబెన్ మాత్రం మెరుగు గది గుమ్మం దగ్గర ఆగి, బూట్లకి గోనెగుడ్డ చుట్టుకుని, అప్పుడు కిటికీ బల్ల దగ్గరికి వచ్చేవాడు. పలక దించి, ఎనిడ్ వైపు చూసి ఒకసారి తల ఊపేవాడు. ఆమె కూడా ఊపేది. ఆయన వెళ్ళిపోయేవాడు.

ఇన్నేళ్ళూ ఇద్దరి మధ్యా జరిగింది అంతే. పనయ్యాక గేటు దగ్గర పలకరించవచ్చు కదా అని మీరనొచ్చు. మాట్లాడడం ఇష్టం లేని మనిషిని ఏం పలకరిస్తాం అని ఆయన అనుకున్నాడు. పలకరించడం ఇష్టం లేని మనిషి కోసం ఎంతసేపు నిలబడతాం అని ఆమె అనుకుంది. బస్సు వచ్చేది, ఎక్కేసేది.

ఆ ఏడు మార్చిలో బర్స్లమ్‌లో ఒక కార్ఖానా వాళ్ళు కొత్తగా కరెంటు బట్టీలు పెట్టారు. రూబెన్‌ని రమ్మన్నారు. రాత్రిళ్ళు కూడా చూసుకోవాలి కాబట్టి గది కూడా ఇస్తామన్నారు. లాంగ్టన్ నుంచి బర్స్లమ్‌కి బస్సులో వెళ్ళిరావచ్చు. కానీ మావాళ్ళకి ఒక ఊరి నుంచి పక్క ఊరికి మారడమంటే సముద్రం దాటినంత పని. వెళ్ళినవాళ్ళు మళ్ళీ కనిపించరు. ఈ సంగతి డాట్ తన బల్ల దగ్గర చెప్తుంటే, బంగారం పట్టుకోలేనంత సన్నగా కిటికీ దాకా వినిపించింది. ఎనిడ్ చేతిలో రాయి ఆగి, మళ్ళీ కదిలింది.

ఆ మధ్యాహ్నమే ఆ కప్పు ఆమె చేతికొచ్చింది. మెరుగు పెట్టడానికి తిప్పి చూస్తే, పిడి కింద ఊదా రంగు మచ్చ కనిపించింది. బట్టీలో పేర్చేవాడి చెయ్యి తడి ఆరని బంగారు గీతకి తగిలి, అదే వేలు పక్కన ఆనితే ఇట్లా అవుతుంది. పలచగా అంటిన బంగారం అప్పుడు కంటికి కనబడదు, కాలాక ఊదాగా తేలుతుంది. మచ్చ మధ్యలో అడ్డంగా సన్నటి తెల్ల గీత ఉంది. గాటు ఉన్న బొటనవేలు. రూబెన్ చేతిలో ఇట్లాంటి తప్పు ఎప్పుడూ జరగలేదు. ఆ కప్పు పేర్చేటప్పుడు మనసు మరెక్కడో ఉండాలి.

తప్పు కనిపిస్తే కప్పుని పక్కన పెట్టి మిసెస్ హల్మ్‌కి చూపించాలి. ఎనిడ్ చూపించలేదు. చూపిస్తే ఆయనకి నలుగురిలో చిన్నతనం. ఏమీ ఎరగనట్టు రాయి తీసుకుని మెరుగు పెట్టసాగింది. రుద్దుతూ రుద్దుతూ, ఎడమచేతి బొటనవేలిని తీసుకెళ్ళి ఆ ఊదా వేలిముద్ర మీద ఆనించింది. సరిగ్గా సరిపోలేదు, ఆయనది పెద్దది. అప్పుడు ఎట్లా వచ్చిందో ఏమో, ఇరవయ్యేళ్ళుగా మూసిన నోరు దానంతటది తెరుచుకుంది.

"వెళ్ళిపోతావటగా. ఇన్నేళ్ళూ కప్పులు దించి పోవడమే తప్ప, ఒక్క పూట కూర్చుంటే నీ సొమ్మేం పోయేది రూబెన్?"

పెద్దగా అనలేదు, గొణిగింది. కానీ రాయి కదులుతూనే ఉంది, బంగారం వింటూనే ఉంది. మిసెస్ హల్మ్ తలెత్తి చూసింది, ఎవరో దగ్గారనుకుని మళ్ళీ కాగితాల్లోకి చూసుకుంది. ఎనిడ్ కప్పుని పక్కన పెట్టి గుడ్డ కోసం వంగి లేచేసరికి, బల్ల మీది కప్పులన్నీ ఒకేసారి ట్రేలోకి ఎత్తుకుని, మంచివీ చెడినవీ ఏరే గదికి తీసుకుపోయారు.

ఆ రాత్రి ఆమెకి నిద్ర పట్టలేదు. ఉద్యోగం పోతుందనే భయం ఉంది, కానీ దానికంటే పెద్దది ఇంకోటుంది. ఎవరో దొరసాని టీ బల్ల దగ్గర తన మాట బయటపడుతుంది, వడ్డించేవాళ్ళు కప్పు చేతులు మార్చుకుంటూ నవ్వుతారు. వినకూడని వాళ్ళందరూ వింటారు. వినవలసిన మనిషి బర్స్లమ్‌లో బట్టీ ముందు కూర్చుని ఉంటాడు, ఎప్పటికీ వినడు. ఇదే ఆమెని తినేసింది.

మర్నాడు చేతులు కడుక్కునే తొట్టి దగ్గర డాట్ ఒక్కతే దొరికింది. వేళ్ళకంటిన బంగారం పోకుండా అందరూ ఆ తొట్టిలోనే కడుక్కోవాలి, అక్కడ నీళ్ళు కూడా దాచిపెడతారు. ఎనిడ్ దగ్గరికొచ్చి, "డాట్, నాకొక సాయం చెయ్యవే," అంది.

డాట్ చేతిలోంచి సబ్బు జారి తొట్టిలో పడింది. "ఓసి నీ దుంపతెగ, నీకు గొంతుందా?" అంది.

జరిగింది విన్నాక డాట్ నవ్వలేదు. తప్పు పట్టి ఉంటే ఈపాటికి గోలయ్యేది కాబట్టి ఆ కప్పు లండన్ ఆర్డరులోనే ఉండాలి, పెట్టెలు ఇంకా మేకులు కొట్టలేదు, గురువారం మధ్యాహ్నం మిసెస్ హల్మ్ చాపెల్ కమిటీకి వెళ్తుంది అని వేళ్ళ మీద లెక్కేసింది. లియాని అడిగితే పోదా అంది. ఏరే గదిలో ప్రతి కప్పునీ వెలుగుకి పెట్టి తప్పులు పట్టే ముసలామె లియా. ఎనిడ్ వద్దంది. ఊదా మచ్చ ఉన్న కప్పు అని అడిగితే తప్పు దాచినందుకు తనతోపాటు రూబెన్ పేరు కూడా పైకి వస్తుంది. మచ్చ కోసం వెతుకుదామంటే కప్పులన్నిటికీ మెత్తటి కాగితం చుట్టేశారు, పిడి కింద అంత చిన్న మచ్చ తొందరలో కంటికి ఆనదు. "అయితే టీ పోసి చూడ్డమే," అంది డాట్.

యుద్ధం ముగిసినా టీ అప్పటికింకా రేషను మీదే ఉంది. మనిషికి వారానికింతని తూచి ఇచ్చేవారు. గురువారం పొద్దున ఆ గదిలో ఆడవాళ్ళందరూ ఇంట్లోంచి చిన్న చిన్న పొట్లాలు కట్టుకుని, ఏప్రను జేబుల్లో పెట్టుకుని వచ్చారు. ఎందుకని డాట్ ఎవరికీ వివరంగా చెప్పలేదు. ఎనిడ్‌కి కావాలట అంది, అది సరిపోయింది. బెర్ట్ పొద్దుటి టీ కూడా తెచ్చేశానని, వాడికి జావ కాచి ఇచ్చానని డాట్ చెప్పుకుంది.

మిసెస్ హల్మ్ టోపీ పెట్టుకుని మెట్లు దిగగానే పెట్టెలు తెరిచారు. పొయ్యి మీద కెటిళ్ళు మరిగాయి. బల్లల నిండా లండన్ కప్పులు బారులు తీరాయి. పొయ్యడం, పెదవి ఆనించడం, వినడం, కడిగి తుడిచి కాగితం చుట్టడం. పోసినదాన్ని పారబోయడానికి ఎవరికీ ప్రాణం ఒప్పలేదు, తాగేశారు. కాసేపటికి ఒక్కొక్కరూ పెరట్లోకి పరుగులు పెట్టడం మొదలైంది.

మొదట్లో ముసిముసి నవ్వులున్నాయి. తర్వాత తగ్గిపోయాయి. వీళ్ళెవరూ అంతకుముందు ఎనిడ్ కప్పులో టీ తాగి ఎరగరు. ఏ కప్పు ఎత్తినా నిశ్శబ్దమే. ఒకటి దించి ఇంకోటి ఎత్తితే అదే నిశ్శబ్దం. గది అవతలి మూల తాము పకపకలాడుతున్న రోజులన్నీ ఈ మనిషి కిటికీ దగ్గర ఇట్లా కూర్చుని ఉందన్నమాట అని వాళ్ళకి తోచింది. డాట్ ఒక కప్పు పెదవికి ఆనించుకుని చాలాసేపు ఉండిపోయింది. కళ్ళు ఏప్రనుతో తుడుచుకుని, "ఇంత మౌనం ఒక్క కడుపులో ఎట్లా పట్టిందే ఎనిడ్," అంది.

ఆఖరి కప్పు ఎనిడే తాగింది. అది కూడా పలకలేదు.

అప్పుడే గుమ్మంలో మిసెస్ హల్మ్ కనిపించింది. కమిటీ తొందరగా ముగిసింది. బల్లల మీద ఖరీదైన కప్పులు, ఆవిర్లు, తడి గుడ్డలు అన్నీ చూసింది. ఎవరూ కారణం చెప్పలేదు. ఎనిడ్ లేచి నిలబడబోతే డాట్ ఏప్రను పట్టుకుని లాగి కూర్చోబెట్టింది. మిసెస్ హల్మ్ నడిచి వచ్చి, ఎనిడ్ ముందున్న కప్పు తీసుకుని, అడుగున మిగిలిన టీ గుక్క తాగింది. ఆ నిశ్శబ్దాన్ని ఆవిడ కూడా విన్నది. నోరు మానుకోమన్నది తనే కదా. కప్పు కింద పెట్టడానికి ఆవిడకి కాస్త సమయం పట్టింది.

"శుభ్రంగా తుడిచి పెట్టండి. ఒక్క టీ మరక కనిపించినా ఊరుకోను," అని, టోపీ తియ్యకుండానే మళ్ళీ బయటికెళ్ళిపోయింది.

కప్పు అంతకుముందే ఎక్కడో వేరే పెట్టెలో లండన్ వెళ్ళిపోయి ఉంటుందని ఎనిడ్ తీర్మానించుకుంది. రూబెన్ బర్స్లమ్ వాళ్ళకి సోమవారం సాయంత్రంలోగా మాట ఇవ్వాలని, ఇచ్చేస్తాడని కార్ఖానా అంతా అనుకుంటున్నారు. శుక్రవారం, శనివారం ఆయన పలక దించి తల ఊపాడు. ఆమె తల ఎత్తలేకపోయింది. కోపం వచ్చిందేమో అని ఆయన అనుకున్నాడు. ఇక ఇక్కడ నాకేముందిలే అని కూడా అనుకున్నాడు.

నిజానికి ఆ కప్పు లండన్ పెట్టెల దాకా రానే లేదు. లియా కంటి ముందు ఊదా మచ్చ దాగుతుందా? మొదటి రోజే పట్టేసింది. పెంకెత్ వాళ్ళకి ఒక పాత పద్ధతి ఉంది. మామూలుగా చెడిన కప్పుల బంగారం గీకి తీసుకుంటారు. కానీ తప్పు ఎవరి చేతిదో తెలిస్తే మాత్రం బంగారంతో సహా అది వాళ్ళ ఇంటికే పోవాలి, రోజూ చూసుకుని బుద్ధి తెచ్చుకోవాలని. లియా గాటు గుర్తుపట్టింది. రూబెన్‌ని చాటుగా పిలిచి, "నీ వేలే నాయనా, పట్టుకుపో," అని చేతిలో పెట్టింది. రూబెన్ సిగ్గుతో ఎర్రబడి, కోటు జేబులో కుక్కుకుని ఇంటికి తీసుకెళ్ళి, పొయ్యి పైన అరమీద పెట్టాడు. దాన్ని చూడాలంటేనే మొహం చెల్లక అందులో అగ్గిపుల్లలు పోసి ఉంచాడు. కప్పు నిండా అగ్గిపుల్లలతో ఎనిడ్ మాట అక్కడే కూర్చుని ఉంది.

ఆదివారం పొద్దున గెర్టీ తమ్ముడి సామాను సర్దేసింది. బర్స్లమ్‌లో ఎవరు చూస్తారు వీడినని గొణుక్కుంటూ బనీన్లు, మేజోళ్ళు, వాడు రోజూ టీ తాగే మగ్గు కూడా పాత పేపర్లో చుట్టి పెట్టెలో పెట్టింది. తర్వాత ఓట్స్ పిండి అట్లు వేడి చేసి, చీజ్ పెట్టి మడిచి, టీ కాచాక చూసుకుంటే పోయడానికి మగ్గు లేదు. పెట్టె తాళ్ళు మళ్ళీ విప్పడానికి బద్ధకించి, అరమీది కప్పులోంచి అగ్గిపుల్లలు గుమ్మరించి, లోపల మాత్రం కడిగి, అందులో టీ పోసింది. చక్కెర సరిపోయిందో లేదో ముందు తనే ఒక గుక్క తాగి చూసేది, తమ్ముడి చిన్నప్పటినుంచీ ఆమెకదే అలవాటు. గుక్క తాగి ఆగింది.

"ఒరేయ్ రూబెన్, ఈ కప్పు నిన్ను కూర్చోమంటోంది."

"కూర్చునే ఉన్నాగా అక్కా," అన్నాడు రూబెన్, అట్టు నములుతూ.

"ఇక్కడ కాదురా," అంది గెర్టీ. కప్పు తమ్ముడి ముందు పెట్టింది.

రూబెన్ తాగాడు. ఆ గొంతు ఆయన ఎప్పుడూ విన్నది కాదు. కొంచెం బొంగురుగా, లోపల నవ్వు దాచుకున్నట్టుగా, ఎత్తిపొడుస్తున్నట్టుగా, బతిమాలుతున్నట్టుగా ఉంది. కానీ తనని రూబెన్ అని పిలిచింది, కప్పులు దించి పోతావంది. అట్లా అనగలిగింది ఒక్కతే. టీ అంతా తాగేసి కప్పు అక్క ముందుకు జరిపాడు. గెర్టీ మళ్ళీ పోసింది. అదయ్యాక మళ్ళీ జరిపాడు. వారం రేషను ఆ పొద్దున్నే అయిపోయింది.

"ఎవర్రా?" అంది గెర్టీ.

"కిటికీ దగ్గర కూర్చుంటుంది," అన్నాడు. కప్పు తిప్పి తన వేలిముద్రని మొదటిసారి సరిగా చూసుకున్నాడు. దాని మీదుగా, ఇసుకతో తోమిన చేతి తడి ఆరిపోయి మిగిలిన సన్నటి చార ఉంది. ఇంకో చిన్న బొటనవేలంత ఉంది.

గెర్టీ లేచి వెళ్ళి పెట్టె తాళ్ళు విప్పింది. అన్నిటికంటే ముందు మగ్గు తీసి, చుట్టిన పేపరు విప్పి, మేకుకి తగిలించింది.

సోమవారం పొద్దున మిసెస్ హల్మ్ కాగితం చదివింది. లీడ్స్ వాళ్ళకి మామూలు కబుర్లు, కిటికీ బల్లకి లండన్ కప్పులు. ఎనిడ్ రాయి తడిపి పని మొదలుపెట్టింది. తల వంచుకునే ఉంది. గుమ్మం దగ్గర ఎవరో గోనెగుడ్డ చుట్టుకుంటున్న అలికిడి అయింది. ఇదే ఆఖరిసారి అనుకుంది. మెత్తటి అడుగులు దగ్గరికొచ్చాయి. పలక బల్ల మీదికి దిగింది. తల ఊపే సమయం వచ్చింది. ఆమె మొండిగా రాయి వంకే చూస్తూ రుద్దింది, ఎందుకంటే తలెత్తితే ఏడుపొస్తుంది.

అడుగులు వెనక్కి వెళ్ళలేదు.

ఎనిడ్ పక్కన ఒక పాత స్టూలు ఉండేది. దాని మీద బంగారం తుడిచిన గుడ్డపీలికల బుట్ట పెట్టుకునేది. రూబెన్ ఆ బుట్టని రెండు చేతులతో ఎత్తి, ఎంతో జాగ్రత్తగా నేల మీద పెట్టాడు. స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. అది కిర్రుమంది. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, చాపెల్‌లో కూర్చున్నట్టు ఎదురుగా కిటికీలోంచి బట్టీల పొగ చూస్తూ ఉండిపోయాడు. ఒక్క మాట అనలేదు. ఆమె బంగారం చెడిపోకూడదు కదా.

డాట్ బెర్ట్ కాలి సంగతి సగంలో ఆపేసింది. గది మొత్తం ఆగిపోయింది.

ఎనిడ్ చెయ్యి మాత్రం ఆగలేదు. ఇరవయ్యేళ్ళ చెయ్యి, దానంతటది రుద్దుతూనే ఉంది. పక్కకి చూపు తిప్పితే మోకాలి మీద ఆ బొటనవేలు, దాని మీద గాటు కనిపించాయి. కప్పు లండన్ వెళ్ళలేదని ఆమెకి అప్పుడు అర్థమైంది. అది చేరవలసిన చోటికే చేరింది. గుండెల్లో ఎప్పటినుంచో పట్టి ఉంచిన ఊపిరి ఒక్కసారిగా వదిలింది. కన్నీళ్ళు కారి ఏప్రను మీద పడుతున్నా తుడుచుకోలేదు, తుడుచుకోవాలంటే రాయి కింద పెట్టాలి.

మిసెస్ హల్మ్ కళ్ళజోడు సవరించుకుంది. పనివేళలో బట్టీ మనిషి మెరుగు గదిలో కూర్చోవడం ఎక్కడి పద్ధతి? ఆవిడ నోరు తెరిచింది, కిటికీ బల్ల వైపు చూసింది, మూసుకుంది. తర్వాత వెళ్ళి గుమ్మం తలుపు దగ్గరగా వేసింది, బయట నుంచి చప్పుడు రాకుండా.

బర్స్లమ్‌కి వేరే మనిషిని తీసుకున్నారు. ఆ రోజు నుంచి రూబెన్ రోజూ పలక దించాక కాసేపు కూర్చునేవాడు. సాయంత్రం గేటు దగ్గర మాత్రం ఎనిడ్ ఒక్కతే మాట్లాడేదట. బస్సులు ఒకదాని తర్వాత ఒకటి వెళ్ళిపోతుంటే, మిసెస్ హల్మ్ ఎట్లా నడుస్తుందో, లియా కప్పుని ఎట్లా వెలుగుకి పెడుతుందో చేసి చూపిస్తుంటే, రూబెన్ గోడకి ఆనుకుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వేవాడట. వేసవిలో చాపెల్‌లో పెళ్ళయింది. పాదిరిగారు ముక్కుతోనే ఆశీర్వదించారు. గెర్టీ ఊదా మచ్చ కప్పులో టీ పోసి పెళ్ళికొడుక్కి ఇచ్చింది.

ఆ సోమవారం పొద్దున మెరుగు పెట్టిన కప్పులు లండన్ హోటల్‌కే వెళ్ళాయి. లియా వాటిలో ఏ తప్పూ పట్టలేదు, హోటల్ వాళ్ళూ తిప్పి పంపలేదు. మాటలేమీ వినిపించవు వాటిలో. కానీ ఒక్కోసారి ఏ దొరసానో టీ పోయించుకుని పెదవి ఆనించి ఆగిపోతుందట. ఎక్కడో ఒక స్టూలు కిర్రుమంటుంది. ఎవరో ఊపిరి వదులుతారు. ఆ తర్వాత ఇద్దరు మనుషులు పక్కపక్కన కూర్చుని ఉన్న చప్పుడు, చాలాసేపు. టీ చల్లారిపోయేదాకా ఆవిడ కప్పు దించదట.